శాంత ఎవరని అడిగిన ఊరు

మా తమ్ముడు వెంకట్రామయ్య బెజవాడలో మామిడిపళ్ల వ్యాపారం చేస్తాడు. ఏటా వేసవిలో బనగానపల్లె నుంచి వాడి కొట్టుకు పళ్లు వస్తాయి. ఆ పళ్లు పంపే సుబ్బన్నగారితో స్నేహం ముదిరి, వాళ్లమ్మాయిని వాడి కొడుకు, మా మేనల్లుడు సూర్యానికి చేసుకున్నారు. పెళ్లినాటికి మా అమ్మాయి పురిటికి వచ్చి ఉండటంవల్ల నేను వెళ్లలేకపోయాను. తరవాత బెజవాడలో ఒకటి రెండుసార్లు ఆ పిల్లను చూశాను. చక్కనిది, పనిమంతురాలు, పేరు శాంత. నోరు మాత్రం విప్పేది కాదు. ఆర్నెల్లు కాపురం చేసి ఉగాదికి పుట్టింటికి వెళ్లి, మళ్లీ రాలేదు. కబురు చేసినప్పుడల్లా ఏదో ఒక అడ్డు చెప్పి పంపారు.

బుట్టల బేరం గంటలకొద్దీ మాట్లాడుకోగల మగవాళ్లు పిల్లల కాపురం దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకోవడంతోనే సరిపెడతారు. చివరికి మా తమ్ముడు గుడివాడ వచ్చి, "అక్కయ్యా, నువ్వూ బావగారూ వెళ్లి పిల్లను తీసుకురావాలి" అన్నాడు.

మావారు బడిలో తెలుగు చెబుతారు. వేసవి సెలవులు. నాకా, రైలంటే చిన్నప్పట్నుంచీ సరదా. "ఈ ఎండల్లో ఎవరైనా రాయలసీమ వెళతారా?" అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నా వినకుండా బయల్దేరాం. తిరిగి వచ్చాక, అక్కడేముంది, ఏం తిన్నారు, ఎలా ఉన్నారు అని అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి, ఇక ఇలా రాస్తున్నాను.

నల్లమల మీదుగా

గుంటూరు దాటిన దగ్గర్నుంచి మావారు కిటికీ పక్క చోటు నాకు వదల్లేదు. కొండల్లో బండి సొరంగంలోకి దూరి, బొగ్గుపొగ పెట్టె నిండా కమ్ముకున్నప్పుడు మాత్రం, "నువ్వు కూర్చుంటావా?" అని దగ్గుతూ అడిగారు.

ఒకచోట లోయ మీద ఎత్తయిన వంతెన వచ్చింది. బండి నడక తగ్గించింది. కిందికి చూస్తే వెదురు పొదలు గడ్డి పరకల్లా ఉన్నాయి. మా ఎదురుగా కూర్చున్న గిద్దలూరు ముసలాయన చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

"ఎప్పుడు వెళ్లినా పెడతారా?" అన్నాను.

"మనందర్నీ మోస్తాండాది గదమ్మా. ఒక దండం పెడితే మన సొమ్మేం పోతాది?" అని, కండువా మూటలోంచి వేయించిన వేరుశనగకాయలు దోసెడు తీసి నా కొంగులో పోశాడు. వాళ్లు వాటిని చెనిక్కాయలంటారు. మావారు వెంటనే, "శనగ వేరు, వేరుశనగ వేరు" అని మొదలుపెట్టారు. ముసలాయన శ్రద్ధగా అంతా విని, "అట్లనా సామీ, తినండి, సల్లారిపోతాయి" అన్నాడు.

అడవి దాటాక నేల రంగు మారిపోయింది. కాలవలు, చేలు, కొబ్బరిచెట్లు చూసి చూసి పెరిగిన కళ్లకు ఆ బయలు మొదట బోసిగా కనిపించింది. నల్లరేగడి పగుళ్లు వేసి ఉంది. దూరంగా రాతిగుట్టలు. కాసేపటికి అలవాటైంది. ఆకాశం అంత పెద్దదని మా ఊళ్లో ఉంటే తెలియదు.

నంద్యాల

స్టేషను బయట పూటకూళ్లింట్లో ఇడ్లీ అడిగితే, "ఇడ్లీ ల్యా, ఉగ్గాని ఉండాది" అన్నారు. మేం మరమరాలంటాం, వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ తాలింపులో తిప్పి, పైన వేయించిన శనగపప్పు పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. "పిల్లల చిరుతిండి, ఇదేం ఫలహారం!" అన్న మావారు రెండో విస్తరి అడిగారు. బజ్జీ కారానికి కళ్లలో నీళ్లు కారుతుంటే, వడ్డించే ఆవిడ మజ్జిగ చెంబు తెచ్చి పెట్టి, "ఏడుస్తా ఏడుస్తా తింటాండాడు సామి, అంత బాగుండాదన్నమాట" అని నాతో నవ్వింది.

మహానంది

అంతదూరం వచ్చి మహానందీశ్వరుణ్ణి చూడకుండా వెళతామా? గిత్తల బండి కట్టించుకుని వెళ్లాం. దారంతా నిప్పులు చెరిగినట్టుంది, కొలనులో దిగేసరికి ప్రాణం లేచివచ్చింది. ఊటనీళ్లు మెడలోతున ఉన్నా కాలిగోళ్ల పసుపు కూడా కనిపిస్తుంది. మావారు ఒడ్డున కూర్చుని గడియారం చూపిస్తున్నా నేను పైకి రాలేదు.

గుడి బయట గాజుల సాయిబు దగ్గర కూర్చున్నాను. ఆయన నా చేతివేళ్లు నొక్కుతూ ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తున్నాడు. "మరీ బిగుతుగా ఉన్నాయండీ, కాస్త వదులువి లేవాండీ?" అన్నాను. ఆయన చెయ్యి ఆగింది.

"ఇంగో తూరి అను తల్లీ."

"ఏమనీ?"

"అదే, ఇప్పుడన్నావే. పాట పాడినట్ల ఉండాది."

పక్కన పూలమ్మే ఆవిడ, కొబ్బరికాయలు కొట్టే ఆయన కూడా దగ్గరికి వచ్చారు. నేను నవ్వుతూ మళ్లీ అన్నాను. అందరూ నవ్వారు. పూలావిడ, "లేవాండీ" అని రాగం తీసి అనుకరించింది. నాకూ నవ్వొచ్చింది. ఇంకోసారి అన్నాను. మళ్లీ నవ్వులు. వాళ్లలో ఇసుమంత ఎగతాళి లేదు, దారిన పోయే మనిషిని కాసేపు దగ్గరికి తీసుకోవడమే అది. అయినా, నాలుగోసారి నోరు తెరవబోతూ, ఏ మాట ఎలా పలకాలా అని ఒక క్షణం ఆలోచించుకున్నాను. గుడివాడలో పుట్టి ఇన్నేళ్లొచ్చాక, మాట్లాడేముందు నేను ఆలోచించుకోవడం అదే మొదలు.

నవాబు గారి సీమ

బనగానపల్లె నవాబుల సంస్థానం. దొరల రాజ్యంలోంచి నవాబుగారి రాజ్యంలోకి వస్తున్నామని నేను కళ్లు పెద్దవి చేసుకుని చూశాను గాని, దుమ్ము రెండువైపులా ఒకటే.

మమ్మల్ని తీసుకెళ్లడానికి సుబ్బన్నగారు పంపిన బండి నంద్యాలకే వచ్చింది. తోలే ఆయన నెరిసిన గడ్డం సాయిబు. పేరు ఖాసిం. జీతగాడేమో అనుకున్నాను. దారిలో తెలిసింది, ఆయనా సుబ్బన్నగారూ కలిసే తోటలు చేస్తారనీ, రెండిళ్లకూ గోడ ఒకటేననీ. సుబ్బన్నగారి పిల్లలు ఆయన్ను మామ అంటారు, ఆయన పిల్లలు సుబ్బన్నగార్ని మామ అంటారు.

కొంతదూరం పోయాక ఆయన ముందుకే చూస్తూ అడిగాడు. "మా అమ్మి మీ ఊర్ల నగుతాంటాదా అమ్మా?"

నాకు నగలన్నట్టు వినిపించింది. "నగలకేం, మీరు పెట్టినవన్నీ మా మరదలు బీరువాలో భద్రంగా ఉన్నాయండీ" అన్నాను.

ఆయన ఎద్దుల్ని ఆపి, వెనక్కి తిరిగి కడుపుబ్బ నవ్వాడు. తరవాత కండువాతో కళ్లు తుడుచుకుని, "నగలు కాదు తల్లీ, నగేది. పిల్ల నవ్వుతాంటాదా అంటి" అన్నాడు.

ఆ పిల్ల నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మాట ఎలా చెప్పను? మావారి వైపు చూశాను. ఆయన గొడుగు సర్దుకున్నారు. ఖాసిం ఎద్దుల్ని అదిలించాడు.

ఇంటి ముందు అరుగు మీద సుబ్బన్నగారి తల్లి కూర్చుని ఉంది. నాయనమ్మను వాళ్లు జేజి అంటారు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, మజ్జిగిచ్చి, విసనకర్ర చేతికిచ్చారు. నేను నలువైపులా చూసి, "శాంత ఏదండీ?" అన్నాను.

"శాంత ఎవురు తల్లీ?" అంది జేజి.

"శాంతేనండీ. మా కోడలు."

జేజి కొడుకు వైపు చూసింది. సుబ్బన్నగారు ఖాసిం వైపు చూశారు. "మా ఇంట్ల శాంత ల్యాదు తల్లీ. మీరు ఊరు తప్పి వచ్చినారేమో" అంది జేజి, నిజంగానే కంగారుపడి.

లోపలి గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. చేతిలో పళ్ల బుట్ట. "నేనే జేజీ. ఆడ నన్ను అట్ల పిలుస్తారు" అంది.

అప్పుడు నాకు తెలిసింది ఆ పిల్ల పేరు దస్తగిరమ్మ అని. గృహప్రవేశం నాడే మా మరదలు, "ఇదేం పేరు, సాయిబుల పేరులా ఉంది, నలుగురిలో ఎలా పిలవను?" అని శాంత అని మార్చేసిందట. పిల్ల ఆ సంగతి పుట్టింట్లో ఎవరికీ చెప్పలేదు.

జేజి మజ్జిగ చెంబు లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

జొన్నరొట్టె

ఆ పూట భోజనం మాత్రం పెళ్లి భోజనమే. జొన్నరొట్టె, గుత్తొంకాయ, చెనిక్కాయలు రోట్లో నూరిన ఊరుబిండి, మా కోసమని ప్రత్యేకంగా వండిన వరి అన్నం. మా వైపు మూడు పూటలా అన్నమే. జొన్నలంటే పశువుల మేతని మా ఇంట్లో అనగా విన్నాను. అలా అన్నవాళ్ల చేత ఆ రొట్టె ఒక ముక్క తినిపించాలి. పొయ్యి మీంచి తీసి నేరుగా విస్తట్లో వేస్తే, దాని మీద వెన్న దానంతటదే కరిగి దారి వెతుక్కుంటుంది. మావారు దాన్ని అప్పడంలా నలిపి అన్నంలో కలుపుకున్నారు. సుబ్బన్నగారు మర్యాదకొద్దీ చూడనట్టు తలతిప్పుకున్నారు.

పిల్ల నాకు వడ్డిస్తూ, "ఇంకొంచెం వేయమంటారా అండీ? మొహమాటపడకండి" అంది. ఒక్క అక్షరం తప్పు లేదు. మా బెజవాడ మాటే. కాని పాఠం అప్పజెబుతున్నట్టుంది. మావారు మెచ్చుకున్నారు.

తిన్నాక నడుం వాల్చాను. పెరట్లో ఎవరో ఆడమనిషి ఏదో కథ చెబుతోంది. గలగలా, ఎక్కడా ఆగకుండా. ఒకసారి ముసలాయన గొంతు, ఒకసారి గొర్రె అరుపు, ఒకసారి బండి ఇరుసు చప్పుడు. వింటున్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఎవరీ వాగుడుకాయ అని కిటికీలోంచి తొంగిచూశాను. మా కోడలు.

తోటలో

మర్నాడు పొద్దున్నే నన్ను తోటకు తీసుకెళ్లింది. మేం బంగినపల్లి అనే పండును వాళ్లు బేనీషా అంటారు. కొమ్మలు నేలకు ఆనుతున్నాయి. కోసిన కాయల్ని చెట్టునీడలో కుప్పలు పోసి, జాతి చూసి వేరు చేసి, గడ్డి పరిచిన బుట్టల్లో సర్దుతున్నారు. ఆ ఎండకు నేను అక్కడే సొమ్మసిల్లేదాన్ని గాని, ఖాసింగారి భార్య ఫాతింబీ నా నెత్తిన తడిగుడ్డ వేసి, పండు కోసి చేతిలో పెట్టింది. దాని రుచి గురించి రాయను. రాస్తే బెజవాడలో మా తమ్ముడమ్మే పళ్లు ఎవరూ కొనరు.

పనివాళ్లలో సగం మంది ఖాసింగారి చుట్టాలు. మిగతావాళ్లు పత్తికొండ వైపు పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్ల మాటలో కన్నడం కలుస్తుంది, డబ్బుల్ని దుడ్లంటారు. దస్తగిరమ్మ కుప్పల మధ్య తిరుగుతూ, "ఏమప్పా, దెబ్బతగిలిన కాయి కింద పెడతాండావు? బుట్టంతా కుళ్లిపోతాది" అని ఒకర్ని అదిలించింది. పత్తికొండ ఆడవాళ్ల దగ్గర వాళ్ల యాసే పలికింది. ఫాతింబీతో ఉరుదూలో ఏదో అని ఇద్దరూ నావైపు చూసి నవ్వారు. ఫాతింబీ పొద్దున ఇంటిపని ముగించి వచ్చేదాకా పత్తికొండ వాళ్లు బుట్టలు ఆపి కూర్చున్నారు, వాళ్ల ఊరి దేవర జాతర రోజున ఈమె అందరి పనీ చేసిందట. ఎవరి పండగ ఎవరి పనికి అడ్డమొస్తుందో దస్తగిరమ్మకు నోటికి వచ్చు.

మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు అడిగాను. "ఇంతమందితో ఇన్ని రకాలుగా మాట్లాడతావు. బెజవాడలో నీకేమైందమ్మా?"

కాసేపు పుల్లతో మట్టిలో గీతలు గీసింది. "ఒకనాడు మామను బువ్వకు రమ్మంటి. ఇంట్ల అందరూ నగిరి. ఆడ చంటిపిల్లోళ్లకే బువ్వంట గదా, నాకేం తెల్సు? ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలంటే నగిరి, ఇల్లు కసువు ఊడుస్తానంటే నగిరి. ముందు నేనూ నగితి. రోజూ అదే పనైతే ఎట్ల పెద్దమ్మా? నోరు తెరిసే ముందు ప్రతి మాటా తిప్పి తిప్పి చూసుకోవల్ల. ఆలోగా ఆ మాటతో పనే తీరిపోతాది. ఇంగ గమ్మునుంటి."

"మరి సూర్యం? అతనూ నవ్వాడా?"

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. "ఆయన నగలా. నన్ను ఏ పేరూ పెట్టి పిలవలా. 'ఇదిగో' అంటాడు. అది నా పేరు కాదు, వాళ్లు పెట్టిన పేరూ కాదు. అందుకే ఆయన మీద నాకు కోపం ల్యా."

ఇద్దరం పడి పడి నవ్వాం. పెళ్లాన్ని పేరుపెట్టి పిలవని మన మగవాళ్ల మొహమాటం ఒక కాపురాన్ని నిలబెట్టగా చూడటం నాకు అదే మొదటిసారి.

మిద్దె మీద

సాయంత్రం చల్లబడ్డాక అందరం మిద్దె మీద చేరాం. అక్కడి ఇళ్లన్నీ చదును మిద్దెలే, పక్కింటికి పోవాలంటే మెట్లు దిగనక్కర్లేదు. ఖాసింగారు గోడ దాటి వచ్చి కూర్చున్నారు. సుబ్బన్నగారు పిల్లనిచ్చినవాళ్లమన్న వినయంతో తల వంచుకున్నారు. మాట్లాడింది జేజి.

"నా కొడుక్కు ముందు పుట్టినోళ్లు ఇద్దరూ దక్కలా తల్లీ. మూడో కానుపప్పుడు ఖాసిం వాళ్లమ్మ నన్ను దర్గాకు తీస్కపోయె. దస్తగిరి సామికి మొక్కుకుంటి, బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని. నిలిచె. ఇప్పుడు ఆ పేరు తీసేస్తే నా మొక్కు ఏమైతాది? అమ్మి ఆడ ఉన్నన్నాళ్లూ పేరు ల్యాకుండా ఉన్నాదని తెలిస్తే నేను పంపిందును కాదు."

ఆమెకది పంతం కాదు, భయం.

మావారు సర్దిచెప్పబోయారు. "ఒక్క పండుకే రెండు పేర్లు లేవా అమ్మా? మీరు బేనీషా అంటారు, మేము బంగినపల్లి అంటాం. తీపి ఒకటే కదా."

"పండు కోసం నేను మొక్కుకోలేదు గదా సామీ" అంది జేజి.



ఖాసింగారు నన్నడిగారు. "అమ్మా, మీరు పెద్దోళ్లు. మా సుబ్బన్న అడగల్యాడు, నేనడుగుతాండా. పిల్లను తీస్కపోతే ఆడ ఎట్ల సూస్కుంటారు?"

అంతా బాగానే ఉంటుందని చెప్పేస్తే ఆ పూటే పని అయిపోయేది. తమ్ముడు నన్ను పంపింది అందుకే. కాని మా మరదలు సీతమ్మ నాకు తెలుసు. "నా నోట ఇక శాంత అన్న మాట రాదు" అన్నాను. "రైలు దిగగానే మా తమ్ముడికి అంతా చెబుతాను. వాడు వింటాడు. మా మరదలి మాట మాత్రం నేనివ్వలేను. ఆవిడ చెడ్డది కాదు, కాని నలుగురు ఏమంటారోనన్నది ఆవిడకు పెద్ద భయం. పోయే భయం అవునో కాదో నాకు తెలియదు."

సుబ్బన్నగారి ముఖం వాడిపోయింది. ఇంతదూరం వచ్చి పాడుచేశానా అనిపించింది.

పిట్టగోడ దగ్గర నిలబడ్డ దస్తగిరమ్మ, "నేను పోతా నాయనా" అంది. "పెద్దమ్మ ఉన్నదున్నట్ల చెప్పినాది. ఆడ నాకింతవరకు ఎవురూ అట్ల చెప్పలా."

"మల్లా అట్లే చేస్తే?" అన్నారు ఖాసింగారు.

"ఈ తూరి గమ్మునుండను. నా పేరేందో నేనే చెప్తా. అప్పటికీ కుదరకుంటే బెజవాడ నుంచి ఈడికి రైలుండాది గదా మామా!"

జేజి ఆమెను దగ్గరికి పిలిచి తల నిమిరింది. ఫాతింబీ గోడ అవతలి నుంచి సేమ్యా పాయసం గిన్నె అందించింది. మావారు ముందు కాస్త సందేహించి, తరవాత గిన్నె అడుగు గీకారు.

బెజవాడ

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క చోటు దస్తగిరమ్మది. సొరంగాలు వచ్చినప్పుడల్లా మావారిని ముందే హెచ్చరించి, తానే కిటికీ మూసింది. దారి పొడవునా ఆయనతో వాదించింది, ఉన్నది అనాలా, ఉండాది అనాలా అని. గుంటూరు వచ్చేసరికి ఆయన గొంతు పోయింది.

స్టేషన్లో సూర్యం ఒక్కడే వచ్చాడు. ఆమెను చూసి, "ఇదిగో, బాగున్నావా?" అన్నాడు. ఆమె నావైపు చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పాపం వాడికేమీ అర్థం కాలేదు.

నేను తమ్ముణ్ణి కొట్లోనే పట్టుకుని అంతా చెప్పాను. మొక్కు సంగతి విని వాడు చాలాసేపు పళ్లబుట్ట తాడు విప్పుతూ ఉండిపోయాడు. సీతమ్మ మాత్రం విన్నంతసేపూ పెదవి బిగించింది. "ఇరుగుపొరుగుకు శాంత అని అలవాటైపోయింది వదినా. ఇప్పుడేమని చెప్పను?" అంది. ఈనాటికీ ఆ వీధిలో సగం మంది శాంత అనే పిలుస్తారు. దస్తగిరమ్మ ప్రతిసారీ సరిదిద్దుతుంది, మావారికంటే ఓపిగ్గా.

మేం రైలు దిగిన రోజు మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి కూర్చున్నాడు. పిల్ల వంటింట్లో ఉంది. సీతమ్మ వడ్డిస్తోంది. వాడు అన్నం కలుపుకుంటూ ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఎంత సవరించుకున్నాడంటే, మళ్లీ బేరాల మాటే మొదలుపెడతాడేమో అనుకున్నాను.

"అమ్మా దస్తగిరమ్మా! కాసిన్ని మంచినీళ్లు తెచ్చిపెట్టు తల్లీ" అన్నాడు పెద్దగా.

"తెస్తాండా మామా!"

ఆ కేక వంటింట్లోంచి నడవ దాటి వీధిగుమ్మం దాకా వెళ్లింది. మెట్ల మీద వాలిన కాకులు లేచిపోయాయి. సీతమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆర్నెల్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి, మొదటిసారి విన్నట్టు లోపలికి తొంగిచూసి, నావైపు తిరిగింది.

"ఈ పిల్లకు ఇంత గొంతుందా వదినా?" అంది.